మద్రాసు పెట్టె, హైదరాబాదు పెట్టె

మొన్న మా ఇంటి కంప్యూటర్ మాటిమాటికీ ఆగిపోతుంటే, ఆటోలో ఒళ్లో పెట్టుకుని గుంటూరు అరండల్‌పేటలో ఒక రిపేరు కొట్టుకి తీసుకెళ్లాను. కొట్లో కుర్రాడు మరలు విప్పి, పక్క రేకు ఊడదీసి, పెట్టెని వాకిట్లోకి తెచ్చి గాలి మిషను పెట్టి కొట్టాడు. వేడెక్కిన రేకు వాసన, మాడిన దుమ్ము వాసన కలిసి గుప్పున లేచాయి. నా చెయ్యి దానంతటదే చీర కొంగుని ముక్కుకి అడ్డం పెట్టింది. కళ్లు మూసుకుని కారపు ఘాటు కోసం కాచుకున్నాను. రాలేదు. కళ్లు తెరిచి చూస్తే లేచిన దుమ్ము బూడిద రంగులో ఉంది. నాకు తెలిసిన మొదటి కంప్యూటర్ దుమ్ము ఎర్రగా ఉండేది.

మా ఊరు చిలకలూరిపేట. ఎనభైల చివరి ఆ రోజుల్లో మా ఇల్లు మద్రాసు రోడ్డుని ఆనుకుని ఉండేది. క్రిస్మస్‌కి ముందునుంచే పత్తి లారీలు మొదలయ్యేవి. జిన్నింగు మిల్లుల నుంచి లేచిన దూది నూగు గాలిలో తేలుకుంటూ వచ్చి కిటికీ ఊచలకీ, ఆరేసిన బట్టలకీ, అమ్మ కజ్జికాయల పళ్లెం మీద కప్పిన పల్చటి గుడ్డకీ అంటుకునేది. శివరాత్రికి చలి వెళ్లిపోగానే మిరపకాయ దిగేది. ఊరి చుట్టూ కల్లాలన్నీ ఎర్రబడి, కాయ గోతాలకెక్కి, గోతాలు లారీలు ఎక్కి, లారీలు మా గుమ్మం ముందునుంచి గుంటూరు యార్డుకి పోతుంటే, వెనక మిగిలిన సన్నటి ఎర్ర దుమ్ము మా మంచినీళ్ల కుండ మూత మీద, నాన్న తెల్లచొక్కా కాలరు మడతలో, బైబిలు అట్ట మీద పేరుకునేది. మేం పుట్టి పెరిగినవాళ్లం కాబట్టి మాకు తుమ్ము వచ్చేది కాదు. ఏ ఇంటికి కొత్త చుట్టం వచ్చాడో వీధి మొత్తానికి తుమ్ములతోనే తెలిసేది. పొదిలి నుంచి మా అమ్మమ్మ వస్తే బస్సు దిగిన దగ్గర్నించి గుమ్మం దాకా తుమ్ముతూనే వచ్చి, "ఈ ఊళ్లో మనుషులెట్టా బతుకుతున్నారే తల్లీ" అనేది.

ఇంటి ముందు హాల్లో అమ్మ టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేది. అమ్మ పేరు రూతమ్మ; ఊళ్లో అందరికీ టీచరమ్మ. తెల్లారగట్ల బ్యాచీ వచ్చేసరికి నాకు ఇంకా మెలకువ వచ్చేది కాదు. నిద్రలోకే టకటకమని ఆ చప్పుడు వచ్చి చేరేది. వరస చివర గంట, ఆ వెంటనే రోలరు జరిగే చప్పుడు. మా వీధి ఆడపిల్లలం తొక్కుడుబిళ్ల గళ్లలో అంకెలు వేసేవాళ్లం కాదు. ఏ, ఎస్, డి, ఎఫ్ అని రాసుకునేవాళ్లం. శనివారం మధ్యాహ్నం అమ్మ మిషన్లన్నిటి మూతలూ తీసి, గుర్రపు వెంట్రుకల సన్నటి బ్రష్షుతో ఒక్కో అక్షరం సందులో దుమ్ము దులిపి, స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచేది. తెల్లగా వెళ్లిన దూది ఎర్రగా వచ్చేది. ఆ స్పిరిట్ వాసన, సన్నటి నూనె వాసన, వంటింట్లో కాగుతున్న చింతపండు చారు వాసన, ఈ మూడూ కలిస్తే మాకు శనివారం.

పత్తిని తెల్లదోమ తినేసిన ఏడాది ఇదంతా మారింది. ఎన్నిసార్లు మందు కొట్టినా దోమ చావలేదు. ఆకులు నల్లగా జిగురుకట్టి చేలకు చేలే ఎండిపోయాయి. ఆ ఏడాది మందు డబ్బాలు చేలకే కాదు, కొన్ని ఇళ్లలోకీ వెళ్లాయి. అమ్మ దగ్గర టైపు నేర్చుకుంటున్న నాగమణి వాళ్ల నాన్న అట్లాగే పోయాడు. పెద్దకర్మ అయిన మర్నాడే ఆ పిల్ల బ్యాచీకి వచ్చింది. అమ్మ మిషను మూత తీసి, కాగితం ఎక్కించి ముందు పెట్టింది.

భూమి మీద నమ్మకం సడలిన తండ్రులు పిల్లలకి ఏదో ఒకటి నేర్పించాలని పరుగులు పెట్టారు. కానీ వాళ్ల నోట టైపు అన్న మాట రాలేదు. కంప్యూటర్ అన్నారు. చూసినవాడు లేడు, అయినా అందరూ అన్నారు. సరిగ్గా మాకు ఎదురుగా రోడ్డవతల మేడ మీద ఎవరో 'త్వరలో కంప్యూటర్ సెంటర్' అని బోర్డు కట్టారు. ఆ బోర్డు కట్టిన దగ్గర్నించి తెల్లారగట్ల చప్పుడు పల్చబడుతూ వచ్చింది. నేను మెలకువ రాగానే, ఇవాళ ఎన్ని మిషన్లు మోగుతున్నాయో పడుకునే చెప్పగలిగేదాన్ని.

అదే సమయంలో పురుగుమందుల శేషయ్యగారి కన్ను మా హాలు మీద పడింది. రోడ్డు పక్క, లారీ ఆగేంత జాగా, సిమెంటు గచ్చు. పెద్దమనిషే. వచ్చి బెంచీ మీద కూర్చుని, మజ్జిగ తాగి, గోడలని పైనుంచి కిందికి చూస్తూ "మా అరలు ఇక్కడ పడతయ్ మాస్టారూ" అనేవాడు నాన్నతో. నాన్న హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఏదైనా రెండు వైపులా చూసి గానీ మాట్లాడడు. ఒకరోజు అన్నం దగ్గర తేల్చేశాడు.

"ఒక్క కంప్యూటర్ కొందాం. అది సరిగ్గా నడిస్తే ఇన్‌స్టిట్యూట్ ఉంటది. తప్పితే రెండోది కొనే శక్తి మనకి లేదు. హాలు శేషయ్యగారికి ఇచ్చేద్దాం."

అమ్మ చారు వడ్డిస్తూ వడ్డిస్తూ ఆగింది. "ఏవండీ, నాగమణి రోజూ ఎక్కే గుమ్మం అది. ఆ మెట్టు మీద ఆ డబ్బాలు పెట్టనివ్వను."

"అయితే పెట్టె సరిగ్గా చూసుకో" అన్నాడు నాన్న. శివరాత్రి దాటిన దగ్గర్నించి మా ఇంట్లో వేరే మాట లేదు.

కొనాల్సింది ఏ కంపెనీదన్నదే తగువు. రెండు కంపెనీల వాళ్లు ఉత్తరాలు రాశారు. ఆ పేర్లు ఇప్పుడెందుకు, రెండూ లేవు. మేమూ ఆ ఇంగ్లీషు పేర్లు పలకలేక ఒకదాన్ని మద్రాసు పెట్టె, ఒకదాన్ని హైదరాబాదు పెట్టె అనేవాళ్లం. స్కూటరు కొనేటప్పుడైతే ఊళ్లో నలుగురికీ ఉంటుంది, అడగొచ్చు. టీవీ అయితే పక్కింట్లో చూడొచ్చు. దీనికి అడగటానికి మనిషి లేడు. అయినా సలహా చెప్పనివాడూ లేడు. పోస్ట్‌మాస్టరుగారు మద్రాసుదే మంచిదన్నారు, సముద్రపు గాలికి తట్టుకుంటుందని. చర్చి అయ్యగారు ఏదైనా సరే ప్రార్థన చేసి తెమ్మన్నారు. నాన్న మనసు మద్రాసు మీదే ఉంది. నున్నటి కాగితం మీద రంగుల బొమ్మ, గ్యారంటీ అని బంగారు రంగు ముద్ర. స్కూల్లో తోటి మాస్టర్లకి అదే కొంటున్నామని చెప్పేశాడు కూడా. అమ్మ మాత్రం రెండు కాగితాలూ తిప్పి తిప్పి చూసి, "బొమ్మలో దుమ్ము కనపడదు కదా" అనేది.

దారి చూపించింది ఖాసిం మామ. మా పక్క గోడౌను ఆయనదే. యార్డులో మిరపకాయ బేరాలు కుదిర్చేవాడు. నాన్నకి చిన్నప్పటి స్నేహితుడు, అమ్మని 'టీచరమ్మా' అనేవాడు గానీ నన్ను మేనకోడలి లెక్కనే ముక్కు పిండేవాడు. ఆయన వేళ్ల కొసలు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి. "ఇందులో ఆలోచించేదేముంది మాస్టారూ? రెండు రకాల కాయ పక్కపక్కన పోస్తేనే రంగు తెలిసేది. ఒకటి ఇయ్యాల, ఒకటి రేపు చూస్తే కళ్లు మోసం చేస్తయ్. ఇద్దర్నీ ఒకే పొద్దున రమ్మను."

"వాళ్లు ఒప్పుకుంటారా?"

"చెప్తే ఒప్పుకోరు. చెప్పొద్దు."

ఈస్టర్‌కి ముందు నలభై రోజుల శ్రమకాలం ఇంకా నడుస్తోంది. ఆ శుక్రవారం అమ్మ ఉపవాసం. హాల్లో టైపు మిషన్లు గోడ వారకి జరిపి, చీమకుర్తి నుంచి తెచ్చిన నల్లరాయి పలకని రెండు బల్లల మీద పరిచారు, పెట్టె కదలకూడదని. శేషయ్యగారు ఎవరూ పిలవకుండానే వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. నాగమణి, ఇంకొంతమంది అమ్మాయిలు తలుపు దగ్గర నిలబడ్డారు. ముందు మద్రాసాయన దిగాడు, టై కట్టుకుని, నాన్నని ప్రతి మాటకీ సార్ అంటూ. ఆయన అట్టపెట్టె విప్పుతుండగానే హైదరాబాదు కంపెనీ తరఫున నరసరావుపేట వైపు కుర్రాడొకడు, చొక్కా చేతులు మడిచి, రెండో పెట్టె భుజాన పెట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. ఇద్దరూ ఒకర్నొకరు చూసుకున్నారు.

"సార్, ఇది పద్ధతి కాదు సార్" అన్నాడు మద్రాసాయన.

నాన్న మొహం కందిపోయింది. ఖాసిం మామే అందుకున్నాడు. "మా యార్డులో ఇదే పద్ధతండీ. కూర్చోండి, మజ్జిగ తాగండి."

ఆయన కూర్చున్నాడు. మజ్జిగ గ్లాసు ఎత్తాడో లేదో తుమ్మాడు. తలుపు దగ్గర అమ్మాయిలు నవ్వు బిగబట్టుకున్నారు.

రెండు పెట్టెలూ పలక మీద పక్కపక్కన కూర్చున్నాయి. రెండింటికీ పచ్చ అక్షరాలే. రెండూ ఒక పల్చటి నల్ల పలక, ఫ్లాపీ అంటారు, దాన్ని మూతిలో పెట్టి గొళ్లెం వేస్తే గానీ లేవవు. రెండూ గొంతు సవరించుకున్నట్టు చప్పుడు చేసి, ఒక్క కూత వేసి లేచాయి. మేమంతా ఊపిరి వదిలాం. అమ్మ రెండు కీబోర్డుల మీదా వేళ్లు పెట్టి చూసింది. అప్పుడు ఖాసిం మామ లేచి, రెండు పెట్టెల చుట్టూ తిరిగి, మద్రాసు పెట్టె నెత్తిన వేలితో కొట్టి చూసి, "ఇక మూత తియ్యండి" అన్నాడు.

మద్రాసాయనకి అర్థం కాలేదు. "మూత ఎందుకండీ? పని చేస్తోంది కదా."

"మచ్చు చూడొద్దా?"

మచ్చు అంటే మాకు బువ్వంత తెలిసిన మాట. గోతం మూతి విప్పి, అడుగు దాకా చెయ్యి పెట్టి, పిడికెడు కాయ తీసి, తుంచి, వాసన చూసి, గింజ లెక్క చూసి గానీ బేరం మాట్లాడరు. పైన పోసిన కాయ చూసి కొన్నవాడు ఇంటికెళ్లి అడుగున తెల్లటి తాలు కాయ పోసుకుంటాడని యార్డులో నమ్మకం.

మద్రాసాయన పెట్టె వెనక అంటించిన చిన్న కాగితం చూపించాడు. "ఇది కంపెనీ సీలండీ. ఇది చిరిగితే గ్యారంటీ పోతుంది. మా ఇంజినీరు తప్ప ఎవరూ ముట్టుకోకూడదు."

"కొన్న తర్వాత కూడానా?" అంది అమ్మ. ఆ పొద్దున ఆవిడ నోట వచ్చిన మొదటి మాట అదే.

"కొన్న తర్వాత కూడానండీ. మీ మంచికే."

"మూతి విప్పని సంచిలో తాలే ఉంటది" అన్నాడు ఖాసిం మామ, నాన్నతో అన్నట్టుగా, అందరికీ వినపడేట్టుగా. నాన్న గట్టిగా "ఒరేయ్ ఖాసిం, ఇది మిరపకాయ కాదురా" అన్నాడు. పదిమందిలో నాన్న మామని రా అనటం నేను అప్పుడే విన్నాను.

ఈలోపు హైదరాబాదు కుర్రాడు జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి పెట్టె ఆపి, రేకు మూత ఎత్తి పక్కన పెట్టేశాడు. అందరం ముందుకు వంగాం. లోపల ఒక మూల ఏవో పచ్చ పలకలు, నాలుగు తీగలు, వెనక ఒక ఫ్యాను. మిగతా అంతా ఖాళీ. అంత బరువు పెట్టె, సగానికి పైగా గాలి.

"ఇదేందబ్బాయ్, సగం సంచి ఖాళీగా ఉంది!" అన్నాడు ఖాసిం మామ.

కుర్రాడు తడబడ్డాడు. "అది... రేపు ఇంకేమన్నా పెట్టుకోటానికండి."

"రేపు నింపే సంచికి ఇయ్యాల తూకం ఏంది?"

శేషయ్యగారు పొట్ట కదిలేట్టు నవ్వాడు. మద్రాసాయన కూడా నవ్వి, వెంటనే తుమ్మాడు. కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయి. నాన్న మొహంలో ఊరట కనిపించింది; బేరం తేలిపోయినట్టే చేతులు దులుపుకున్నాడు. కుర్రాడు మూత పెట్టబోతుంటే అమ్మ ఆపింది. "ఉండనీ నాయనా. మూత లేకుండానే నడపవా?" కుర్రాడు పెట్టెని మళ్లీ లేపాడు.

సరిగ్గా అప్పుడే బయట మామ గోడౌనుకి వెనక్కి వస్తున్న లారీ మా మెట్టుకి తగిలిన కుదుపుకి, పైనున్న గోతం ఒకటి జారి గుమ్మం ముందు పడి పగిలింది. దుమ్ము ఎర్రగా లేచి, ఎండలో ఒక క్షణం గోడలా నిలబడి, హాల్లోకి వచ్చేసింది. పుట్టి పెరిగిన మాకే గొంతు పట్టుకుంది. మద్రాసాయన రెండు చేతులతో మొహం కప్పుకుని పెరట్లోకి పరిగెత్తాడు. పెట్టెల్లో ఫ్యాన్లు మాత్రం ఆగలేదు. గిర్రున తిరుగుతూ ఆ దుమ్ముని ఇష్టంగా పీల్చుకుంటున్నాయి. ఆ వెంటనే కరెంటు పోయింది.

కరెంటు వచ్చేదాకా వాకిట్లో మామ లారీ డ్రైవర్ని తిడుతున్న తిట్లు, పెరట్లో తుమ్ములు, అంతే. నల్లరాయి పలక ఎర్రబడింది. మూత తీసిన పెట్టెలో పచ్చ పలకల మీద కారం చల్లినట్టుంది. కుర్రాడు దానికేసి చూడలేక గోడకేసి చూస్తున్నాడు. అది అతని కంపెనీది, ఇంకా మాది కాదు.

కరెంటు వచ్చింది. మద్రాసాయన కళ్లు తుడుచుకుంటూ వచ్చి తన పెట్టె మీట నొక్కాడు. ఫ్లాపీ పెట్టిన మూతి గరగరమంది. ఇంగ్లీషులో ఒక వాక్యం వచ్చి నిలబడిపోయింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ అదే గరగర. కుర్రాడు తనదీ నొక్కాడు. అదీ గరగరే.

"దుమ్ము పట్టిందండీ" అన్నాడు కుర్రాడు సన్నగా. "లోపల చదివే ముల్లు లాంటిది ఒకటి ఉంటది. దాని మీద పడ్డట్టుంది."

అమ్మ మద్రాసాయన వైపు తిరిగింది. "మీది విప్పి తుడవండి."

"నేను విప్పకూడదండీ. ఇంజినీరు రావాలి. మద్రాసుకి కబురు పెడతాను."

"ఎన్నాళ్లకి వస్తాడు?"

ఆయన మళ్లీ ముక్కు తుడుచుకున్నాడు. శేషయ్యగారు పంచె సర్దుకుని లేచి, "నే చెప్పలా మాస్టారూ, మన ఊరి గాలికి ఇయ్యి ఆగవు. హాలు సంగతి మాట్లాడుకుందాం" అన్నాడు. నాన్న తల వంచుకున్నాడు. నాగమణి తలుపు దగ్గర్నించి ఒక్కడుగు వెనక్కి వేసింది. ఆ పిల్ల చూపు నాకు బాగా గుర్తు. వెళ్లిపోమని ఎవరూ అనకముందే వెళ్లిపోవటానికి అలవాటు పడిన చూపు.

అమ్మ బీరువా తీసింది. గుర్రపు వెంట్రుకల బ్రష్షు, స్పిరిట్ సీసా, దూది ఉండ. కొంగు నడుముకి దోపుకుని హైదరాబాదు పెట్టె ముందు నిలబడింది.

"ముట్టుకోకు రూతూ! అది మనది కాదు!" నాన్న గొంతు హాలంతా మోగింది.

అమ్మ ఆయనకేసి చూడలేదు. "కరెంటు తీగ పీకు నాయనా. ఎక్కడ తుడవాలో వేలు పెట్టి చూపించు."

కుర్రాడు ఒక్క క్షణం ఆలోచించి తీగ పీకాడు. అమ్మ ముందు ఫ్యాను రెక్కలు, తర్వాత పచ్చ పలకలు, టైపు అక్షరాల సందుల్లో దులిపినట్టే పైనుంచి కిందికి, తొందర లేకుండా దులిపింది. కుర్రాడు చిన్న మరలు రెండు విప్పి లోపలి ముల్లు చూపించాడు. అమ్మ దూదిని పుల్లకి చుట్టి, స్పిరిట్‌లో ముంచి, చంటిపిల్ల చెవి తుడిచినంత మెల్లగా తుడిచింది. పుల్ల ఎర్రగా వచ్చింది. ఇంకో దూది. మళ్లీ ఎరుపే, కాస్త తక్కువ. ఇంకోటి. నేను వేళ్ల మధ్య వేళ్లు దోపుకుని, మాకు తెలిసిన ఒక్క ప్రార్థననే మొదలుపెట్టి, మధ్యలో మర్చిపోయి, మళ్లీ మొదలుపెట్టాను.

దూది తెల్లగా వచ్చింది. కుర్రాడు తీగ పెట్టాడు. అమ్మ మీట నొక్కింది. ఫ్యాను తిరిగింది. తెర నల్లగా ఉండిపోయింది. తర్వాత మూలన పచ్చగా ఏవో అంకెలు పెరుగుతూ పోయాయి. గరగర ఒకసారి. అందరం అయిపోయిందనుకున్నాం. తర్వాత సన్నగా ఒక చప్పుడు, ఒక కూత. పచ్చ గీత ఒకటి తెర మీద కొట్టుకుంటూ నిలబడింది.

"నాగమణీ, రా. కూర్చో" అంది అమ్మ.

ఆ పిల్ల వచ్చి కూర్చుని, కీబోర్డు కేసి చూడకుండా, మా తొక్కుడుబిళ్ల గళ్ల వరసే కొట్టింది. ఏ, ఎస్, డి, ఎఫ్. అక్షరాలు కాగితం లేకుండా వచ్చాయి. మద్రాసాయన తన పెట్టెని అట్టలో సర్దుకుంటున్నాడు. నాన్న దగ్గరికెళ్లి ఏదో సర్దిచెప్పబోయాడు. ఆయన మంచివాడే. "మాదే మంచి మిషనండీ సార్" అన్నాడు, తుమ్ముల మధ్య, నిజంగా బాధపడుతూ. అయి ఉండొచ్చు కూడా. అమ్మ ఆయనకి ఇంకో గ్లాసు మజ్జిగ ఇచ్చి అంది: "మంచిదే అయ్యుంటదండీ. కానీ నా చేత్తో విప్పి తుడుచుకోనివ్వని మిషను నేనేం చేసుకోను? ఈ ఊళ్లో దుమ్ము రోజూ ఉంటది. మీ ఇంజినీరు రోజూ ఉండడు."

శేషయ్యగారు చెప్పులు వెతుక్కున్నాడు.

ఆ ఈస్టర్‌కి కోడికూర, గారెలతో పాటు పాయసం చేసి మామ ఇంటికీ పంపింది అమ్మ. నాన్న చాలా రోజులు ముభావంగా ఉన్నాడు. తోటి మాస్టర్లకి మద్రాసుదని చెప్పినవాడు హైదరాబాదుదని చెప్పుకోవాల్సి వచ్చింది. తెల్లారగట్ల చప్పుడు మాత్రం మళ్లీ చిక్కబడింది. హైదరాబాదు కంపెనీ కొన్నాళ్లకే మూతపడింది. అయినా మా పెట్టె ఆగలేదు. శనివారం శనివారం మూత లేచేది, బ్రష్షు తిరిగేది, దూది ఎర్రగా వచ్చేది. పెట్టెలోని ఆ ఖాళీలో ఒక్కొక్క ఏడు ఒక్కొక్క పచ్చ పలక చేరింది. ఖాసిం మామ గుమ్మం ముందునుంచి వెళ్లినప్పుడల్లా లోపలికి తొంగిచూసి, "టీచరమ్మా, సంచి నిండిందా?" అనేవాడు. అమ్మ తలెత్తకుండానే "ఇంకా లేదన్నయ్యా" అనేది. ఆయన బతికున్నన్నాళ్లూ అడిగాడు, ఆవిడా ప్రతిసారీ ఆ జవాబే చెప్పింది.

ఇప్పుడు ఆ హాలు లేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు గుమ్మం, మెట్టు, హాలు అన్నీ రోడ్డులో కలిశాయి. శేషయ్యగారికీ దక్కలేదు, మాకూ దక్కలేదు. మిరపకాయ ఇప్పుడు కళ్లబడకుండా శీతల గిడ్డంగుల్లోకి పోతోంది; మా వీధిలో కొత్త చుట్టం వచ్చినా తుమ్ములు వినపడవు. తొక్కుడుబిళ్ల ఆడే పిల్లలూ లేరు. పత్రికలో రాత్రి డ్యూటీ చేసి తెల్లారగట్ల ఇంటికొచ్చి పడుకున్న ఎన్నో ఏళ్లలో నాకు సరిగ్గా నిద్ర పట్టకపోవటానికి కారణం ఆ టకటక లేకపోవటమేనని చాలా ఆలస్యంగా గ్రహించాను.

అరండల్‌పేట కుర్రాడు గాలి కొట్టటం ఆపి, అద్దాల బీరువాలో పల్చటి కొత్త మిషను ఒకటి చూపించాడు. "ఈసారి ఇది తీసుకోండి మేడం. దుమ్ము గొడవే లేదు. అసలు విప్పటానికే ఉండదు."

"పాడైతే?"

"పాడైతే కొత్తది తీసుకోటమే."

నేను తల అడ్డంగా ఊపాను. అతను నవ్వి, నా పాత పెట్టెలోకి వంగి చూశాడు. "మీ ఇష్టం మేడం. దీంట్లోనూ ఇంకా బోలెడంత ఖాళీ ఉందిలే." రేకు మూత చేతిలో పట్టుకుని, "బిగించేయనా?" అన్నాడు.

"ఒక్క నిమిషం ఉండనీ నాయనా" అన్నాను. బయల్దేరేటప్పుడే బ్యాగులో వేసుకున్న అమ్మ బ్రష్షు తీశాను. గాలి మిషను వదిలేసిన మూలన, ఫ్యాను రెక్క సందులో, కాస్త దుమ్ము ఇంకా ఉంది.